గీత ఎక్కడ గీయాలి?

రాత్రి పది కావస్తున్నా బయట ఇంకా వెలుతురే. అది స్కాట్లండ్‌కు వాయవ్య మూలనున్న అసింట్ ప్రాంతం. జూన్ నెల. బస గుమ్మం దగ్గర బురద బూట్లు బారులు తీరి ఉంటాయి. లోపల పొడవాటి బల్ల చుట్టూ కాలేజీ పిల్లలు తలలు వంచుకుని, పగలు పెన్సిల్‌తో వేసుకున్న గీతల మీద సన్నటి ఇంకు పెన్నుతో దిద్దుతుంటారు. వాళ్లలో ఎవరో ఒకరి చెయ్యి మాత్రం ముందుకు కదలదు. వాగుకు ఇటు క్వార్ట్‌జైట్ కనిపించింది. అటు దూరంగా సున్నపురాయి కనిపించింది. మధ్యలో రెండొందల మీటర్లు అంతా బురద నేలే, రాయన్నదే లేదు. మరి ఒకటి ఆగి రెండోది మొదలైందెక్కడ? గీత ఎక్కడ గీయాలి?

భూగర్భశాస్త్రం చదివేవాళ్ల వేసవి సెలవులు ఇలాగే గడుస్తాయి. బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాల్లో రెండో ఏడాది పూర్తవగానే నాలుగు నుంచి ఆరు వారాలు ఓ ప్రాంతమంతా కాలినడకన తిరిగి, సొంతంగా దాని భూగర్భ పటం తయారు చేయాలి. అమెరికాలో దీన్నే ఫీల్డ్ క్యాంప్ అంటారు. ఇండియానా విశ్వవిద్యాలయం 1949 నుంచి మోంటానా కొండల్లో ఇందుకోసమే ఓ కేంద్రం నడుపుతోంది. కొన్ని విశ్వవిద్యాలయాలు విద్యార్థుల్ని సముద్రం దాటించి ఐర్లండ్, ఇటలీ, స్కాట్లండ్‌లకు తీసుకెళ్తాయి. రాళ్లు చూడ్డానికి పరాయి దేశం వెళ్లాలా అని ఇంట్లో పెద్దవాళ్లు అడగడం మామూలే. మందుల తయారీ నేర్చుకోవడానికి ల్యాబ్ ఉంటుంది. కొండను మాత్రం ల్యాబ్‌లోకి తేలేరు కదా!

అలాగని ఇదేదో విహారయాత్ర అనుకునేరు. పొద్దున్నే సంచిలో సుత్తి, దిక్సూచి, పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, వాన తగిలినా పాడవని నోటుపుస్తకం, పలచటి ఆమ్లం సీసా సర్దుకుని బయల్దేరాలి. సున్నపురాయి మీద రెండు చుక్కల ఆమ్లం వేస్తే బుసబుసా పొంగుతుంది. అసింట్‌లో ఎక్కువగా ఉండేది దాని బంధువు డోలమైట్ కాబట్టి, గోకి పొడి చేస్తే తప్ప సరిగా పొంగదు. పుస్తకంలో ఈ ముక్క చదివి మరిచిపోయినవాళ్లు కూడా, వానలో తడుస్తూ ఒక్కసారి మోసపోయాక ఇక జన్మలో మరిచిపోరు. పైగా మిడ్జ్‌లు. దోమలో పావు వంతు కూడా ఉండని ఈ కీటకాలు గాలి ఆగితే చాలు, మేఘంలా వచ్చి కుడతాయి. వాటిని తోలుకుంటూనే రాతిపొర ఎటు వాలిందో, ఎన్ని డిగ్రీలు వాలిందో కొలిచి రాసుకోవాలి.

ఇక్కడ పైప్ రాక్ అనే రాయి ఉంది. యాభై కోట్ల ఏళ్లకు ముందు సముద్రపు ఇసుకలో పురుగులు నిలువునా చేసుకున్న బొరియలు అందులో గొట్టాల్లా కనిపిస్తాయి. ఒకచోట నిటారుగా ఉన్న గొట్టాలే, మరోచోట గాలికి ఒరిగిన వరిచేనులా పక్కకు వాలిపోయి ఉంటాయి. అంటే ఏదో బ్రహ్మాండమైన బరువు పైనుంచి వాటిని ఈడ్చుకుంటూ పోయిందన్నమాట. ఎంత వాలాయో కొలిస్తే ఆ ఈడ్పు ఎంత బలమైనదో అంచనా కట్టవచ్చు. పురుగుల బొరియలతో కొండల కదలికను కొలవడం... తరగతి గదిలో చెబితే ఎవరికైనా కట్టుకథలాగే ఉంటుంది.

అసింట్ పేరు చెప్పగానే భూగర్భశాస్త్రవేత్తల కళ్లు మెరవడానికి కారణం ఓ పాత గొడవ. ఇక్కడ దిగువన ఉన్న రాయి కన్నా దాని నెత్తిన కూర్చున్న రాయే పాతది. నాకన్ క్రాగ్ అనేచోట సుమారు 50 కోట్ల ఏళ్ల సున్నపురాయి కింద ఉంటే, దాదాపు వంద కోట్ల ఏళ్ల నాటి రాయి పైన ఉంది! మనవడి భుజాల మీద తాత ఎక్కినట్టు. బ్రిటన్ జియలాజికల్ సర్వే అధిపతి సర్ రోడెరిక్ మర్చిసన్ మాత్రం తిరకాసేమీ లేదన్నాడు. పైనున్నది కొత్తదేననీ, పొరలన్నీ వరసగానే ఉన్నాయనీ తేల్చేశాడు. అబెర్డీన్ ప్రొఫెసర్ జేమ్స్ నికోల్ కాదన్నాడు. మధ్యలో నేల విరిగిందని వాదించాడు. పెద్ద కుర్చీలో ఉన్నవాడి మాటే చెల్లింది. నికోల్ 1879లో, తన మాటకు విలువ దక్కకుండానే కన్నుమూశాడు.

ఆ తర్వాత ఒకప్పటి బడిపంతులు ఛార్లెస్ లాప్‌వర్త్ వచ్చి ఎరిబోల్ తీరమంతా అడుగడుగునా తిరిగి పటం గీశాడు. కొండలు జరుగుతూ వచ్చి మంచం మీద తనను నలిపేస్తున్నట్టు కలలొచ్చేవట. 1883లో ఆరోగ్యం దెబ్బతిని ఆ పని ఆపాల్సి వచ్చింది. మర్చిసన్ పక్షాన్ని నిరూపించడానికని సర్వే పంపిన బెన్ పీచ్, జాన్ హార్న్ కూడా కొండల్లో తిరిగి చూశాక రెండోవైపే నిలబడ్డారు. 1884లో సర్వే తన తప్పు ఒప్పుకుంది. పాత రాళ్ల పలకలు పదుల కిలోమీటర్లు జరిగి కొత్తవాటిపైకి ఎక్కాయని తేలింది. మర్చిసన్ చేతకానివాడేం కాదు, రష్యా దాకా తిరిగి పేరు తెచ్చుకున్న ఉద్దండుడు. కాకపోతే ముందే తీర్పు రాసుకుని సాక్ష్యం కోసం వెళ్లాడు. ఇప్పుడు పిల్లలు ఆ కొండలెక్కి, ఆ రాళ్ల మీదే చెయ్యిపెట్టి చూస్తారు. ప్రొఫెసర్ చెప్పినదానికీ, కంటికి కనబడినదానికీ పొంతన కుదరకపోతే పటంలో రాయాల్సింది కంటికి కనబడినదే. అలా గీసి గురువుతో వాదించి నెగ్గినవాళ్లున్నారు, వాదించి మర్నాడు కొండ దగ్గర నాలిక కరుచుకున్నవాళ్లూ ఉన్నారు.

ఖర్చు సంగతీ చెప్పుకోవాలి. అమెరికా క్యాంపుల ఫీజులు వేల డాలర్లలో ఉంటాయి. ఆ వేసవిలో ఏదైనా పని చేసుకుని సంపాదించుకునే వీలూ పోతుంది. భారతీయ పాస్‌పోర్టుతో అమెరికాలో చదివే విద్యార్థి బ్రిటన్ వెళ్లాలంటే వీసా మళ్లీ వేరు. కొండలెక్కలేని విద్యార్థుల్ని ఏం చేయాలన్న ప్రశ్నను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. కరోనా వల్ల 2020లో క్యాంపులు రద్దయినప్పుడు కంప్యూటర్ తెరల మీదే కొండల్ని చూపించి పాఠాలు నడిపారు. వాటిలో కొన్ని పద్ధతులు అలాంటివారికి నిజంగానే మేలు చేశాయి. కానీ తెర మీద బురద ఉండదు. ముందు ఏ రాయి దగ్గరకు వెళ్లాలో, దేన్ని వదిలేయాలో తేల్చుకునే అవస్థా అంతగా ఉండదు.

ఎడిన్‌బరోలో దిగే బృందాలు సికార్ పాయింట్ కూడా చూస్తుంటాయి. 1788లో జేమ్స్ హట్టన్ ఇద్దరు మిత్రులతో పడవలో అక్కడికి వెళ్లాడు. నిలువుగా నిలబడ్డ రాతిపొరల మీద ఎర్రటి ఇసుకరాయి పరుచుకుని ఉంది. ఆ రెంటికీ మధ్య కాలం ఆరేడు కోట్ల ఏళ్లు. అలాంటి సంధి తెలుగువాళ్లకూ ఉంది. తిరుమల ఘాట్‌రోడ్డు పక్కన పాత గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న అతుకు కనిపిస్తుంది. మధ్యలో లేకుండా పోయిన కాలం దాదాపు 80 కోట్ల ఏళ్లు! జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. గోవింద నామాలతో బస్సులు దాని పక్కనుంచే వెళ్తుంటాయి. స్కాట్లండ్ వెళ్లొచ్చిన విద్యార్థి ఆ మలుపు దగ్గర బస్సు కిటికీలోంచి తల బయటపెడితే ఇంట్లోవాళ్లు కంగారుపడక్కర్లేదు.

బల్ల దగ్గర చెయ్యి ఆగిపోయిన విద్యార్థి నోటుపుస్తకం వెనక్కి తిప్పి చూస్తుంది. వాగు దాటిన ఓ ముప్ఫై అడుగులకు గడ్డి ఒక్కసారిగా పచ్చబడిందని మధ్యాహ్నం ఎందుకో రాసుకుంది. క్వార్ట్‌జైట్ మీద హెదర్ పొదలే తప్ప మంచి గడ్డి మొలవదు. సున్నపురాయి నేల మీదైతే ఏపుగా పెరుగుతుంది. కంటితో చూసిన సరిహద్దుకు నిండు గీత, ఊహించినదానికి తెగిన గీత అన్నది పటం గీసేవాళ్ల నియమం. పచ్చగడ్డి మొదలైనచోట తెగిన గీత ఒకటి గీసి, పొద్దున మళ్లీ వెళ్లి చూడాలని పక్కన రాసుకుని, పెన్ను మూతపెట్టింది.