టీ కణాలు అలసిపోతే

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 2015 ఆగస్టులో తన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మెదడుకు పాకిందని ప్రకటించారు. అప్పటికి ఆయనకు 90 ఏళ్లు. డిసెంబరుకల్లా కణితుల జాడ లేదు. ఆయన నూరేళ్లు నిండాకే, 2024లో కన్నుమూశారు. రేడియేషన్‌తో పాటు ఆయనకిచ్చిన పెంబ్రోలిజుమాబ్ నేరుగా క్యాన్సర్‌ను చంపే మందు కాదు. ఈ సంచిక ముఖ్య వ్యాసం అక్కడే మొదలవుతుంది.

క్యాన్సర్‌ను చంపాల్సింది మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలే. ముదిరిన చర్మ క్యాన్సర్‌లో చాలాసార్లు వాటికి కొరతేమీ ఉండదు. అవి కణితిలోకి చేరతాయి, శత్రువును గుర్తుపడతాయి. నెలల తరబడి అదే పోరులో ఉండేసరికి నీరసిస్తాయి. వాటి ఉపరితలంపై పీడీ-1 అనే ప్రోటీన్ పెరుగుతుంది, కణితి దాన్నే బ్రేకులా తొక్కిపడుతుంది. మందు ఆ బ్రేకును వదిలిస్తుంది. అయితే పూర్తిగా అలసిన కణాలు లేవడం కష్టం. విభజన శక్తి ఇంకా మిగిలిన కొద్దిపాటి కణాలే మళ్లీ దండు కడతాయి. మందు కొందరికే ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్నకు సమాధానంలో కొంత ఇక్కడే ఉంది.

ఇలాంటి బ్రేకుల గుట్టు విప్పిన శాస్త్రవేత్తలు ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. అర్హమైన బహుమతే. కానీ బ్రేకు తీసిన కణాలు ఒక్కోసారి సొంత పేగులు, థైరాయిడ్ మీదా పడతాయి. ధర సంగతి సరేసరి!

మన దేశంలో మెలనోమా అరుదు. వస్తే తరచూ అరికాళ్లలో, గోళ్ల కింద కనిపిస్తుంది, ఆ రకం ఈ మందులకు అంతగా లొంగదు. అరికాలిలో నల్లమచ్చ పెరుగుతుంటే పుండని, ఆనెకాయని సరిపెట్టుకోకుండా చర్మ వైద్యులకు చూపించండి.