అశ్వహృదయము, అక్షహృదయము

జూదమను మాట చెవిని బడినంతనే ముఖము చిట్లించు గృహస్థులు మనలో పెక్కుమంది కలరు. వారి యింట పేకముక్క కానరాదు. లాటరీ చీటి కొనుట లేకితనమని వారి యభిప్రాయము. అట్టివారిలోనే కొందరు, హైదరాబాదు మలక్‌పేటలో రేసులు జరుగు దినమున ప్రొద్దుటినుండియు రేసు పుస్తకమును ముందిడికొని, పెన్సిలు చెక్కుకొని, ఏ పరుగున ఏ గుఱ్ఱము గెలుచునో గుణించుచు కూర్చుందురు. ఇదేమని యడిగినచో, "ఇది జూదము కాదు, శాస్త్రము" అని సమాధానము. ఈ సమాధానమును గూర్చియే మేము కొంచెము ముచ్చటింపదలచితిమి. త్రాగి చెడువానికి, పేకాడి చెడువానికి బుద్ధి చెప్పువారు వేయిమంది. చదివి, లెక్కించి చెడువానికి చెప్పువారు అరుదు. ఏలయన వాని చదువునకు మనమును లోలోపల దండము పెట్టుచుందుము.

మేమును అట్లు దండము పెట్టినవారమే. ఆ సంగతి ముందుగా ఒప్పుకొనుట న్యాయము. మాతోకూడ పాఠములు చెప్పు గణితోపాధ్యాయుడొకరు మాకు చిరకాలమిత్రులు. కొన్నియేండ్ల క్రిందట శీతకాలపు రేసులలో ఒకనాడు మమ్మును మలక్‌పేటకు తోడ్కొనిపోయిరి. ఆనాడు ఏడు పరుగులు. ఒక్కొక్క పరుగునకు నూరు రూపాయల చొప్పున ఆయన పందెము కట్టిరి. ఏడింట మూడు గుఱ్ఱములు ఆయన చెప్పినట్లే గెలిచినవి. సామాన్యముగా జనులందరు మెచ్చి ముందు నిలిపిన గుఱ్ఱము సయితము మూడు పరుగులకు ఒక్కటి చొప్పుననే గెలుచునని రేసులెఱిగినవారు చెప్పుదురు. ఏడింట మూడు గెలిపించుట అంతకంటె మెఱుగు. ఆయన నోటుపుస్తకములో ఆ మూడు పేర్లను ఎఱ్ఱసిరాతో వ్రాసికొనిరి. మేము వీపు తట్టి, "మీకు అశ్వహృదయము పట్టుబడినది" అని మెచ్చుకొంటిమి.

ఇంటికి వచ్చిన పిమ్మట మాకొక సందేహము పొడమినది. ఆ మూడింట మొదటిదానిపై నూటికి నూరు, రెండవదానిపై నూటికి 80, మూడవదానిపై నూటికి 150 లాభము. పెట్టుబడితో కలిపి చేతికి వచ్చినది 200, 180, 250. మొత్తము 630 రూపాయలు. పెట్టినది 700. పన్నులను, ప్రవేశరుసుమును లెక్కకు తీయకయే 70 రూపాయలు పోయినవి. ఆయన యెంతో చక్కగా ఊహించిరి; ఊహించియు ఓడిరి. ఎఱ్ఱసిరాతో వ్రాసిన మూడు పేర్లు మాత్రము పుస్తకమున గెలుపులై నిలిచినవి. తక్కిన నాలుగింటికి ఆ పుస్తకములో చోటు లేదు.

ఇందలి రహస్యమును విప్పుటకు ముందు, గుఱ్ఱమును పరీక్షించుటలో విద్య యున్నదనుమాట మేము కాదనుట లేదని స్పష్టము చేయవలెను. శాలిహోత్రుని పేరిట అశ్వశాస్త్రము వెలసిన దేశము మనది. హైదరాబాదు రేసులు మౌలాలీలో మొదలై, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున 1886లో మలక్‌పేటకు తరలినవి. కంచెలను దుమికింపక చదునునేలపై నడుపు ఈ పరుగులలో ఆలోచింపవలసిన యంశములు పెక్కు. 1000 మీటర్లలో మెఱపువలె పోవు గుఱ్ఱము 2000 మీటర్లలో చతికిలబడవచ్చును. ఎండిన నేలపై గెలిచినది వాననేలపై వెనుకబడవచ్చును. గడచిన పరుగులలో దేనితో పోటీపడి ఎంత యెడముతో ఓడినది, ఇప్పుడెంత బరువు మోయుచున్నది, జాకీ యెవరు, తర్ఫీదునిచ్చిన ట్రైనరు ఎవరు, ఉదయపు సాధనలో ఎన్ని క్షణములలో పరుగెత్తినది, బయలుదేరుటకు ఏ గడి వచ్చినది: ఇవన్నియు చూడదగినవే. ఇవి తెలిసినవాడు తెలియనివానికంటె బాగుగా ఊహింపగలడు. ఇంతవఱకు మాకును ఆ శాస్త్రజ్ఞులకును భేదము లేదు.

భేదమిక్కడ మొదలగుచున్నది. రేసులలో పెక్కు హ్యాండీక్యాపు పరుగులు. అనగా బలమైన గుఱ్ఱమునకు ఎక్కువ బరువును, బలహీనమైనదానికి తక్కువ బరువును మోయించి, అన్నిటిని సమానస్థితికి తెచ్చుటకు యత్నింతురు. ఇంగ్లండున 19వ శతాబ్దములో అడ్మిరల్ రౌస్ అనునాతడు గుఱ్ఱపు వయస్సును బట్టి బరువులు నిర్ణయించు పట్టికను ఏర్పఱచెను. నాటినుండి ఈ విద్య పెంపొందుచు వచ్చినది. గెలిచిన గుఱ్ఱమునకు పై పరుగున బరువు పెరుగును; ఓడుచు వచ్చినదానికి తగ్గును. డెర్బీవంటి పరుగుల రీతి వేఱు. కాని యీ హ్యాండీక్యాపులలో బరువులు నిర్ణయించు అధికారి జీతము పుచ్చుకొని చేయు పని యేమి? అన్ని గుఱ్ఱములును ఒక్కమాఱే గమ్యము చేరునట్లు చేయుట, అనగా నీ యూహకు ఆధారమైన తేడాలను చెఱిపివేయుట. ఇంటిలో పెన్సిలు పట్టిన గృహస్థుడు ఆదివారపు తీరికలో ఆ అధికారి వృత్తివిద్యను ఓడింపబూనుచున్నాడు.

ఓడించినాడే యనుకొందము. అప్పుడును అసలు ప్రశ్న మిగిలియే యున్నది. పందెము కట్టువాడు అడుగవలసినది "ఏది గెలుచును?" అని కాదు, "దీని గెలుపునకు వారిచ్చు వెల తగినదా?" అని. ఒక ఉదాహరణము చూడుడు. అయిదు గుఱ్ఱములు పరుగెత్తుచున్నవి. బుకీ పలకపై నూటికి వరుసగా 100, 300, 400, 900, 900 లాభము వ్రాసియున్నాడు. మొదటిదానిపై 50 రూపాయలు, రెండవదానిపై 25, మూడవదానిపై 20, నాలుగు అయిదవవానిపై పదేసి పెట్టుడు. ఏది గెలిచినను మీ చేతికి వచ్చునది సరిగా 100 రూపాయలు. మీరు పెట్టినదెంత? 115. పరుగునకు గెలుచునది ఒక్క గుఱ్ఱమే గనుక సంభావ్యతలన్నియు కలిసి నూటికి మించరాదు. కాని పలకపైని వెలలు 115 సంభావ్యతలను అమ్ముచున్నవి. ఆ పైని 15 బుకీది. ఇందులో మోసము లేదు. పలక బహిరంగముగనే యున్నది. కూడిక చేయువాడే లేడు.

టోటు అను పద్ధతిలో బుకీ యుండడు. అందరి పందెపు సొమ్మును ఒక్క రాశిగా పోసి, నిర్వాహకుల భాగమును పన్నులను తీసి, మిగిలినదానిని గెలిచినవారికి పంచుదురు. అచ్చట వెల నిర్ణయించువారు పందెము కట్టిన జనులే. ఆ జనులందరి చేతను అదే రేసు పుస్తకమున్నది. గుఱ్ఱము కిందటి మాఱు బాగుగా పరుగెత్తినదని నీకు తెలిసినట్లే వారికిని తెలియును, తెలిసి దానిపై సొమ్ము కుమ్మరింతురు, వెల పడిపోవును. కావున నీ జ్ఞానము వెలలో ముందే కలిసిపోయినది. లాభము రావలెనన్న గుఱ్ఱమును గూర్చి తెలిసినంతమాత్రమున చాలదు; తక్కిన జనులకంటె ఎక్కువ తెలియవలెను, ఆ యెక్కువ నడుమ తీసికొను భాగమును మించవలెను. జనులు తప్పక పొరపడు తావు ఒకటి కలదు. గెలుపు దుర్లభమైన గుఱ్ఱములను ఉన్నదానికంటె ఎక్కువగా నమ్ముదురని 1949లోనే గ్రిఫిత్ అను అమెరికా పరిశీలకుడు చూపెను. పదింతలు వచ్చునను ఆశ అంత బలమైనది. కాని ఆ పొరపాటు తెలిసినవాడును నడిమి భాగమును దాటుట సులభము కాదు.

ఆ నడిమి భాగమెంత? కౌటిల్యుడు ద్యూతమును ప్రభుత్వపు కనుసన్నలలో నడుపుమని చెప్పి, గెలిచిన ద్రవ్యమునుండి నూటికి 5 అధ్యక్షుడు తీసికొనవలెననెను. నేటి వస్తుసేవల పన్ను 2017 జూలైలో వచ్చినపుడు ఈ పందెములపై నూటికి 28. 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 40. అదియును గెలిచినదానిపై కాదు, పెట్టిన పందెపు మొత్తముపై. ఆపైన గెలిచినదానిపై ఆదాయపు పన్ను నూటికి 30. ఓడిన పందెములను అందులో మినహాయింపరు. కౌటిల్యుని అయిదును దాటుటయే కష్టము. ఈ కొండను దాటునని యే పెన్సిలును నమ్మి కూర్చున్నాము?

ఇచ్చట ప్రతిపక్షులు మూడు ఆయుధములు తీయుదురు. మొదటిది, 1996లో సుప్రీంకోర్టు లక్ష్మణన్ కేసులో గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యక్రీడయని తీర్పు చెప్పినదనునది. చెప్పినది, నిజము. గుఱ్ఱపు సామర్థ్యము, జాకీ నేర్పు, బరువు, దూరము పరిశీలించి తెలిసికొనదగినవని న్యాయస్థానము భావించినది. మేమును పైన అదే చెప్పితిమి. కాని అంచనా వేయదగినదన్న మాటకును, అంచనా వేసినవానికి లాభము వచ్చునన్న మాటకును ఆమడ దూరము. ఆ తీర్పు పందెము నేరమా కాదా యను ప్రశ్నకు సమాధానము; ఇంటి బియ్యపు డబ్బు అందు పెట్టవచ్చునా యను ప్రశ్నకు కాదు. మనుస్మృతి నిర్జీవములతో ఆడుదానిని ద్యూతమనియు, సజీవములతో ఆడుదానిని సమాహ్వయమనియు వేఱు పేర్లు పెట్టి, రెంటిని ఒక్కచోటనే నిషేధించినది. మనువు మాటలన్నియు మాకు ప్రమాణములు కావు. కాని పేరు మార్చినంతన ఫలము మారదని ఆయన గ్రహించిన సంగతిని మాత్రము మెచ్చవలసియున్నది.

రెండవది, లెక్కలతోనే కోట్లు గడించినవారు లేరా యనునది. కలరు. విలియం బెంటర్ అను అమెరికా దేశస్థుడు హాంకాంగులో గణనయంత్రములతో, సహాయకులతో పలు సంవత్సరములు పాటుపడి అపారధనము గడించెను. 1994లో తన పద్ధతిని ప్రకటించుచు ఆయనయే తెలిపిన సంగతి, జనుల వెలలను తన లెక్కలతో కలిపినపుడే తన యంచనా మెఱుగుపడినదని. అంతటివాడును జనుల తెలివిని త్రోసిపుచ్చలేకపోయెను. ఇంకొక మాట. టోటు రాశిలో ధనము పుట్టదు, చేతులు మారును. ఆయన గడించిన ప్రతి డాలరును పెన్సిలు చెక్కుకొని కూర్చున్న మఱియొకనిదే. బెంటరును చూచి రేసులకు పోవు గృహస్థుడు, పులి బలిసినదని చూచి అడవికి మేతకు పోవు మేకవంటివాడు.

మూడవది మా మిత్రుడే మాపై ప్రయోగించినది. "నలుడు అక్షహృదయము నేర్చి పుష్కరుని గెలువలేదా?" అనెను. ఈ కథను మేము తప్పుగా వాడినందుననే ఆ బాణము మాకు తగిలినది. భారతమందలి నలునికి మొదటినుండియు తెలిసినది అశ్వహృదయము. గుఱ్ఱముల మనసెఱుగుటలో వానికి సాటి లేదు. అయినను పాచికలలో రాజ్యము పోయినది. ఋతుపర్ణుడు దారిలో తాండ్రచెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్క చెప్పగా, నలుడు రథమాపి, చెట్టు పడగొట్టి లెక్కించి సరిచూచుకొనెను. అక్షహృదయమనగా ఈ లెక్క. వ్యాసుడు రెండు విద్యలను రెండుగా చెప్పుటయే ఇందలి నీతి. గుఱ్ఱమును ఎఱుగుట ఒకటి, పందెమును ఎఱుగుట వేఱొకటి. మొదటిది వచ్చినంతన రెండవదియు వచ్చినదని భ్రమించుటయే మన చదువుకొన్నవారి వ్యాధి. ఇక పుష్కరునితో నలుడు తిరిగి ఆడినపుడు వారిద్దరి నడుమ నూటికింతయని తీసికొనువాడు లేడు. అదియు మఱువరాదు.

కావున మేము రేసులను మూసివేయుడని కేకలు వేయుట లేదు. గుఱ్ఱములను పోషించి బ్రదుకువారున్నారు. పరుగు చూచుట కన్నులపండువ. ఒకడు సినిమా టిక్కెట్టు కొన్నట్లు తెలిసి నూరు రూపాయలు పోగొట్టుకొన్నచో అది వాని సరదా. మా పోరు శాస్త్రమను ముసుగుతోనే. నైపుణ్యమున్నదనువాడు లెక్క చూపవలెను. రేపటి పరుగులకు ఈ గుఱ్ఱము, ఆ గుఱ్ఱము అని యెంపికలు ప్రకటించు పత్రికలు, సీజను ముగిసినపిమ్మట తమ ప్రతి యెంపికపై నూరేసి రూపాయలు పెట్టినవానికి పోయినదెంత, వచ్చినదెంత అని ఒక్క వాక్యము అచ్చువేయవలెను. బడులలో సంభావ్యత పాఠమును పాచికలతో ముగింపక, పైని 115 కూడికను పిల్లలచేత చేయింపవలెను. ఇంటనైనచో గెలిచినవానిని వ్రాయు పుస్తకముననే ఓడినవానిని వ్రాయవలెను.

ఆ చివరి మాట మాది కాదు. రేసుల మఱునాటి సంగతి. మా మిత్రుని యిల్లాలు తన పద్దుపుస్తకమును తెచ్చి ఆ ఎఱ్ఱసిరా పుస్తకము ప్రక్కన పెట్టినది. పాలవానికి మూడు నెలల బాకీ, పిల్లదాని రుసుముకై తెచ్చిన చేబదులు అందులో ఉన్నవి. "అన్నయ్యగారూ, మూడు గెలిచారని మీరూ మెచ్చుకున్నారటగా! పాలవాడి బాకీ ఏ గుర్రం తీరుస్తుందో అదీ మీరే చెప్పండి" అని యామె యడిగినది. సంస్కృతమును, ఇంగ్లీషును చదివిన మాకు సమాధానము దొరకలేదు. మా మిత్రుడు కొంతసేపు రెండు పుస్తకములను మార్చిమార్చి చూచి, నల్లసిరా కలము తీసి, తన పుస్తకములో ఆనాడు ఓడిన నాలుగు గుఱ్ఱముల పేర్లను ఒక్కొక్కటిగా వ్రాసెను. ఆయన గణితోపాధ్యాయుడుగా చేసిన సరియైన లెక్క ఆనాటికి అదియొక్కటే.