కౌన్సెలర్ తప్పు చేస్తే ఎవరికి చెప్పాలి?

ఇంటర్ చదివే అబ్బాయి నెల రోజులుగా పుస్తకం ముట్టడం లేదు. తెలిసినవాళ్లు చెబితే ఓ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. నాలుగు సిట్టింగులయ్యాయి. ఐదో వారానికల్లా వాడు ఆ గదిలో చెప్పుకొన్న ప్రేమ సంగతి కాలేజీ ప్రిన్సిపాల్ నోట వినిపించింది. ఆయనా సైకాలజిస్టూ స్నేహితులట! మీ ఇంట్లోనే ఇలా జరిగిందనుకోండి. ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

డాక్టర్ మీదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఉంది. లాయర్ మీదైతే బార్ కౌన్సిల్ ఉంది. సైకాలజిస్టు విషయానికొచ్చేసరికి జవాబు ఒక్కటి కాదు. బోర్డు మీద ఏం రాసుకున్నారన్నది పక్కన పెట్టండి. ఏ రిజిస్టర్‌లో ఆయన పేరుందో చూడండి. మీ ఫిర్యాదుకు దారి ఉందో లేదో తేల్చేది అదే.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాస్తారు. ఆయన మీద ఫిర్యాదు మెడికల్ కౌన్సిల్‌కే వెళ్తుంది. క్లినికల్ సైకాలజిస్టు డాక్టర్ కాదు, మందులు రాయకూడదు. తన వృత్తి పరిధిలో లేని మందు సూచించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగానే చెప్పింది. వీళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఇది 1992 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజుల్లో వెయ్యి రూపాయలంటే చాలాచోట్ల ఒక్క సిట్టింగు ఫీజు కూడా కాదు!

నమోదైనవారికి ఆర్‌సీఐ 1998లో వృత్తి ప్రవర్తనా నియమావళి తెచ్చింది. దాన్ని ఉల్లంఘిస్తే, సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇచ్చి, రిజిస్టర్ నుంచి పేరు తొలగించే అధికారం కౌన్సిల్‌కు ఉంది. కాబట్టి మొదటి రోజే ఆర్‌సీఐ నంబర్ అడగండి. ఆ నమోదుకు గడువు ఉంటుంది, అది దాటిపోలేదు కదా అని కూడా చూసుకోండి. 'మా మీద నమ్మకం లేదా' అని విసుక్కుంటే అక్కడే ఒక సంగతి తెలిసిపోయినట్టు.

అసలు చిక్కు మూడో రకంతో. సైకాలజీలో ఎంఏ చేసినవాళ్లు, మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లు, ఏమీ చేయకుండా యూట్యూబ్‌లో మాట్లాడేవాళ్లు, అందరి బోర్డు మీదా 'కౌన్సెలింగ్ సైకాలజిస్టు' అనే ఉంటుంది. వీళ్లలో నిజంగా మంచివాళ్లున్నారు. కానీ ఎవరు ఎవరో తేల్చే రిజిస్టరే ఇన్నాళ్లూ లేదు. ఆ లోటు తీర్చడానికి పార్లమెంటు 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం చేసింది. ఆర్‌సీఐ పరిధిలోకి రాని సైకాలజిస్టులూ కౌన్సెలర్లూ దీని కిందికి వస్తారు. ప్రతి రాష్ట్రంలో ఒక కౌన్సిల్, ఒక రిజిస్టర్, తప్పు చేస్తే పేరు తీసేసే అధికారం... కాగితం మీద అన్నీ ఉన్నాయి. అమలు మాత్రం ఎంత నత్తనడకన సాగిందంటే, 2024లో సుప్రీంకోర్టే కేంద్రాన్నీ రాష్ట్రాలనూ మందలించి గడువు పెట్టాల్సి వచ్చింది.

ఆ కౌన్సిళ్లు పూర్తిగా పనిలోకి దిగేదాకా ఏం చేయాలి? డబ్బు తీసుకుని చేసిన సేవ కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రిజిస్టర్‌లో పేరున్నా లేకున్నా ఈ దారి తెరిచే ఉంటుంది. జిల్లా కమిషన్‌లో, సంఘటన జరిగిన రెండేళ్లలోగా కేసు వేయాలి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు ఉండదు. సలహా కావాలంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది. కాకపోతే ఇక్కడ దక్కేది నష్టపరిహారం. ఆ మనిషి రేపు ఇంకో గదిలో బోర్డు పెట్టుకోకుండా కమిషన్ ఆపలేదు. ఇంకో సంగతి, చాలామంది ఫోన్‌పేలో డబ్బు తీసుకుని రసీదు ఇవ్వరు. అడిగి తీసుకోండి. సిట్టింగుల తేదీలు, వాట్సాప్ సందేశాలు, టెస్టు రిపోర్టులు దాచిపెట్టుకోండి.

రోగుల్ని చేర్చుకునే ఆసుపత్రిలోనో డీఅడిక్షన్ సెంటర్‌లోనో జరిగితే దారి వేరు. 2017 చట్టం ప్రకారం ముందు అక్కడి బాధ్యుడికి రాసివ్వాలి. తృప్తి లేకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు, ఆపైన రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థకు వెళ్లవచ్చు. అపార్ట్‌మెంటులో ఒక గది తీసుకుని నడిపే కౌన్సెలింగ్ సెంటర్‌కు ఈ ఏర్పాటు వర్తించదు. మనం ఎక్కువగా వెళ్లేదేమో అలాంటి చోటికే. ఇక లైంగిక వేధింపు, బెదిరింపు లాంటివైతే ఏ కౌన్సిల్ కోసమూ ఆగకండి, నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లండి. పిల్లల విషయంలో పోక్సో చట్టం వర్తిస్తుంది.

ఫలితం రాకపోవడం వేరు, తప్పు చేయడం వేరు. ఆరు సిట్టింగులైనా మార్పు లేదనో, కోడలి పక్షాన మాట్లాడారనో ఫిర్యాదు చేస్తే నిలబడదు. రహస్యం బయటపెట్టడం, లేని అర్హత చెప్పుకోవడం, చేయని టెస్టుకు రిపోర్టు ఇవ్వడం, చికిత్సలో ఉన్నవారితో వ్యక్తిగత సంబంధమో వ్యాపారమో పెట్టుకోవడం... ఇవీ తప్పులు.

రహస్యం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పక తప్పదు. దాన్ని బద్దలు కొట్టమని ఒత్తిడి చేసేది చాలాసార్లు మనమే. పిల్లాడు బయట కూర్చోగానే లోపలికెళ్లి 'వాడేం చెప్పాడండీ?' అని అడుగుతాం. ఫీజు మనం కట్టాం కదా అన్న ధీమా! మైనర్ పిల్లల విషయంలో చట్టం సంరక్షకులకే ప్రతినిధి హోదా ఇచ్చిన మాట నిజమే. కానీ చెప్పిందంతా సాయంత్రానికి ఇంటికి చేరుతుందని తెలిసిన పిల్లాడు రెండో సిట్టింగులో నోరు విప్పడు. ప్రాణాపాయం ఉంటేనో, వేరొకరికి హాని జరిగేలా ఉంటేనో తప్పకుండా చెబుతామని, మిగతాది గదిలోనే ఉంచుతామని మంచి సైకాలజిస్టులు మొదటి రోజే పిల్లాడి ముందే తేల్చేస్తారు. మీకు అలా చెప్పకపోతే మీరే అడగండి.

ఇంత తెలిసినా ఫిర్యాదు రాయడానికి చెయ్యి రాదు. నలుగురికీ తెలిస్తే సంబంధాలు కుదరవేమోనన్న భయం. అయితే ఫిర్యాదులో ఇంటి కథంతా విప్పక్కర్లేదు. పిల్లాడు ఏం చెప్పాడో కాదు, ఆ మాట ఏ తేదీన, ఎవరి ద్వారా బయటికి వచ్చిందో రాయండి. పద్దెనిమిది నిండినవారైతే వాళ్ల ఇష్టం లేకుండా ముందడుగు వేయకండి.

ఈ లోపు చికిత్స మానేయకండి. ఒకరి దగ్గర దెబ్బతిన్న పిల్లలు ఇంకెవరి దగ్గరికీ రామని మొండికేస్తారు. కొత్తవారు దొరికేదాకా మాట్లాడటానికి టెలిమానస్ 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.