రేసు బండిని కొత్తది చేయొద్దు

పాత రేసు బండి దొరికితే చాలామంది ముందుగా వెళ్లేది పెయింటు షాపుకే. ట్యాంకు మెరవాలి, సైలెన్సర్లకు క్రోమియం పూత పడాలి, షోరూం నుంచి తెచ్చిన రోజులా ఉండాలి. మామూలు బండికైతే సరే. పందేల్లో తిరిగిన బండికి అలా చేస్తే దాని చరిత్రను మన చేతులతో చెరిపేసినట్టే అంటాను నేను.

మా క్వార్టర్ వెనక వరండాలో ఇప్పుడొక యెజ్డీ రోడ్‌కింగ్ ముక్కలుగా ఉంది. 1996లో మూతపడిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైన టూ స్ట్రోక్ బండి. కిక్ కొట్టే కడ్డీతోనే గేర్లూ మార్చాలి. ఇలాంటి బండ్లు ఒకప్పుడు మద్రాసు దగ్గరి షోలవరంలో పరుగెత్తేవి. అది రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చేదాకా పందేలకు అదే దిక్కు. విదేశీ రేసు బండి కొనగలిగినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు రోజూ తిరిగే బండినే విప్పి రేసు బండిగా మార్చుకునేవాళ్లు.

ఆ మార్పులే ఇప్పుడు మనకు మిగిలిన ఆధారాలు. నా బండి ఆయిల్ బోల్టు తలకు సన్నని రంధ్రం ఉంది. పరుగులో బోల్టు ఊడి నూనె ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాడు జారిపడతాడు. అందుకే రంధ్రంలోంచి తీగ లాగి కట్టేవారు. బోల్టు పాడైందనుకుని కొత్తది వేస్తే ఆ సంగతి అక్కడితో పోతుంది.

సిలిండర్ లోపల ఇంకా ఉంది. టూ స్ట్రోక్ ఇంజనుకు వాల్వులుండవు. సిలిండర్ గోడకున్న కిటికీలను పిస్టనే పైకీ కిందికీ తిరుగుతూ మూస్తుంది, తెరుస్తుంది. పొగ పోయే కిటికీ పై అంచును ఆకురాయితో కొంచెం అరగదీస్తే అది ముందుగా తెరుచుకుంటుంది. ఎక్కువ వేగంలో బలం పెరుగుతుంది, తక్కువ వేగంలో తగ్గుతుంది. టార్చి వేసి చూస్తే ఆ గీతలు నేటికీ కనిపిస్తున్నాయి. బజారుకు వెళ్లే సుఖం పోయినా సరే, పందెం గెలవాలని ఒక మెకానిక్ తీసుకున్న నిర్ణయం అది. కొత్త సిలిండర్ వేయడానికి మనసెలా వస్తుంది?

తెలుగు మాస్టారిని కాబట్టి సి.పి. బ్రౌన్ గుర్తొస్తాడు. కడపలో పండితులను పెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడాయన. ఎవరికి తోచినట్టు వాళ్లు దిద్దుకుంటూ పోతే అసలు పాఠం ఏదో తెలియదు. బండికైతే పోల్చి చూసేందుకు రెండో ప్రతి కూడా ఉండదు.

అలాగని తుప్పుకు దండం పెట్టమనను. బేరింగులు, ఆయిల్ సీళ్లు, టైర్లు, బ్రేకు లైనింగులు మార్చాల్సిందే. ప్రాణంతో బేరం లేదు. తీసిన పాతవాటిని మాత్రం డబ్బాలో దాచి, ఏది ఎందుకు మార్చామో నోటుబుక్కులో రాసిపెట్టాలి.

షెడ్డుకు ఇవ్వకుండా ఇంట్లోనే ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. పిల్లల కోసమే. బేరింగు రాకపోతే సుత్తి పట్టకూడదు, అల్యూమినియం కేసును వేడి చేయాలి. ఉక్కు కంటే అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. పుస్తకంలో చదివి మరచిన పిల్లలు, బేరింగు దానంతటదే జారి రావడం చూశాక ఇక మరచిపోరు. మా కాలనీలో ఎన్నో రాష్ట్రాల పిల్లలున్నారు. అన్నట్టు, ‘పానా’ అంటే తెలుగు, హిందీ, మరాఠీ పిల్లలు ముగ్గురూ ఒకే పనిముట్టు అందిస్తారు!

మాలాంటి బదిలీ ఉద్యోగులకు ఒకటే భయం, ఆర్డరు వచ్చేనాటికి బండి ముక్కల్లో ఉండిపోతుందేమోనని. అందుకే విప్పిన నట్లన్నీ వరస తప్పకుండా అట్టముక్కకు గుచ్చి, పక్కన పేర్లు రాయించాను. వేసవి సెలవుల్లోపు ఇంజను మూసేయాలి. ట్యాంకుకు రంగు వేయను. దాని మీద సగం చెరిగిన పందెం నంబరు ఉంది, ఏడో ఒకటో పిల్లలింకా తేల్చలేదు.