పింగాణీ పంటికి పళ్ళపొడి వద్దు

వంటింటి వైద్యాన్ని నమ్మినవాణ్ణి నేను. పంటి పోటుకు లవంగ తైలం, చిగుళ్ళ వాపునకు తుమ్మ బెరడు కషాయం, నోటి పూతకు త్రిఫల కషాయంతో పుక్కిలింత. వీటిని 40 ఏళ్ళుగా వాడుతున్నాను, అడిగినవారికి చెబుతున్నాను. అట్టి నేనే నేడు పాఠక మహాశయులకు ఒక ఎదురు మాట చెప్పవలసి వస్తున్నది. పంటికి తొడిగించుకున్న పింగాణీ తొడుగును ఇంటి పళ్ళపొడితో తోమకండి. ఈ సంగతి గ్రంథాలు చూసి తెలుసుకున్నది కాదు, నా చేతులారా చేసిన నష్టం వల్ల తెలిసినది.

బంగారం అంగళ్ళకు పేరుపడిన మా ప్రొద్దుటూరులో, పెద్దల కాలాన ముందుపన్ను పోతే బంగారు తొడుగు వేయించుకోవడం హోదా. ఇప్పుడు అందరూ కోరేది పంటి రంగులో కలిసిపోయే సిరామిక్ తొడుగునే. నా శ్రీమతికి 11 ఏళ్ళ క్రితం పై వరుసలో ముందు పంటికి అటువంటిదే వేయించాము. ఏడెనిమిదేళ్ళు గడిచేసరికి అది పక్క పళ్ళతో కలవడం మానివేసింది. పెళ్ళిళ్ళలో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం అలవాటు చేసుకున్నది. తొడుగు రంగు మారిందని తలచి, నేను పిడకల బూడిద, మెత్తని ఇటుక పొడి, ఉప్పు కలిపి, నిమ్మరసంతో తోమమని ఇచ్చాను. ఏడాదికి పైగా రెండు పూటలా తోమింది. పన్ను కలవలేదు సరికదా, ఉన్న మెరుపు పోయి సున్నం కొట్టిన గోడవలె అయినది. అంతకు ముందు ఏనాడూ అంటని కాఫీ మరక దానిమీద నిలవసాగింది.

దంతవైద్యుడు చూసి చెప్పిన మాటకు నేను సిగ్గుపడ్డాను. తొడుగు రంగు మారనే లేదు. మారినవి పక్క పళ్ళు! వయసుతో పాటు సహజ దంతం పైపొర అరిగి పలచబడుతుంది, లోపలి పసుపు వన్నె పొర మందమవుతుంది, పన్ను పచ్చబడుతుంది. తొడుగు చేసిన నాడు 16 ఛాయల నమూనాలు పక్కన పెట్టి, ఆనాటి పళ్ళకు సరిపోయేదానిని ఎంచారు. పళ్ళకు వయసు వచ్చింది, పింగాణీకి రాలేదు.

పింగాణీ రంగు ఎందుకు నిలుస్తుందో మన ఊరగాయ జాడీయే చెబుతుంది. ఏళ్ళ తరబడి ఆవకాయ ఊరినా జాడీ లోపలి గోడ కడిగితే తెల్లగానే ఉంటుంది. పూత పెచ్చు ఊడిన చోట మాత్రం పసుపు నూనె ఇంకి ఎంత తోమినా పోదు. పంటి తొడుగు కూడా అంతే. దాని రంగు పైన పూసినది కాదు, లోహ భస్మాల వన్నెలు పింగాణీలో కలిసి కొలిమి వేడిలో కాలినవి. పైన గాజు వంటి నున్నని పూత ఉన్నంతకాలం పసుపు, కాఫీ, తాంబూలం దానిని ఏమీ చేయలేవు. ఇసుక అంశ గల బూడిద, ఇటుక పొడి గీసిగీసి ఆ నునుపును పోగొడతాయి. కొరుకుడు సరిచేయడానికి వైద్యుడు అరగదీసినా అదే ఫలితం. అందుచేత అరగదీసిన చోట మరల మెరుగు పెట్టించుకోవాలి, ఇది అడిగి చేయించుకోవలసిన పని.

పంటి రంగు సిమెంటుతో పూడ్చిన పళ్ళ సంగతి వేరు. ఆ రెసిన్ పదార్థం పసుపును నిజంగానే పీల్చుకుంటుంది. జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు.

జమ్మలమడుగులో ఉన్న మా బావమరిదికి మరొక చిక్కు. అతని తొడుగుకు చిగురు వెంబడి నల్లని గీత కనబడింది. మరక అనుకొని బొగ్గు, ఉప్పు పెట్టి రుద్దాడు. అది లోపల లోహం, పైన పింగాణీ గల తొడుగు. 1960ల నుండి వాడుకలో ఉన్న రకం. చిగురు వెనక్కి తగ్గితే లోహపు అంచు బయటపడుతుంది. రుద్దినకొద్దీ చిగురు ఇంకా తగ్గింది, గీత ఇంకా వెడల్పయింది.

మా కోడలి పుట్టిల్లు పులివెందుల వైపు. అక్కడి కొన్ని బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రభుత్వ ప్రమాణం. పసితనంలో అటువంటి నీరు తాగినవారి పళ్ళమీద తెలుపు, గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఈ వ్యాధిని మన దేశంలో 1937లో నాటి నెల్లూరు జిల్లాలోనే వైద్యులు మొదట వివరించారు. అటువంటి పళ్ళ నడుమ ఒకే రంగు తొడుగు పెడితే పరాయిదిగా కనబడుతుంది. మచ్చను కూడా పింగాణీ పొరల లోపలే చిత్రించి కాల్చాలి. పైపైన వేసిన రంగు తోముడుకు ముందుగా అరిగిపోయేది అదే. అన్ని రకాల పళ్ళూ వారంలో తెల్లబడతాయని పొడుల పొట్లాలు అమ్మేవారికి ఈ భేదాలేమీ పట్టవు.

ఇదంతా మన శాస్త్రానికి విరుద్ధమనుకోకండి. అష్టాంగహృదయంలో వాగ్భటుడు చిటికెన వేలి కొనంత లావు, 12 వేళ్ళ కొలత పొడవు గల పుల్ల కొనను మెత్తగా నమిలి, చిగుళ్ళకు బాధ కలగకుండా తోమమన్నాడు. ఇటుక పొడితో గీకమనలేదు. పింగాణీ తొడుగున్నవారు మెత్తని బ్రష్షు, మామూలు పేస్టు వాడితే చాలు. నువ్వుల నూనె పుక్కిలింతకు, ఉప్పు నీటి పుక్కిలింతకు అభ్యంతరం లేదు. కొత్తగా వేయించుకునేవారు పగటి వెలుతురులో, పన్ను అరగదీయక ముందే, తడిగా ఉన్నప్పుడు ఛాయ చూడమని కోరండి. ఆరిన పన్ను ఉన్నదానికన్నా తెల్లగా కనబడి మోసం చేస్తుంది.

నా శ్రీమతి తొడుగుకు వైద్యుడు నోట్లోనే మెరుగు పెట్టాడు. పోయిన నునుపు చాలావరకు వచ్చింది, పూర్తిగా రాలేదు. కొత్తది వేయిద్దామంటే, ఇప్పటి పళ్ళకు సరిపోయే ఛాయలో అయితేనే అన్నది. నేనిచ్చిన పొడి డబ్బా నిండుగా మిగిలింది. దానితో ఆమె ఇత్తడి కుందులు తోముతున్నది.