పట్టుదల సరే, పైసలో?

ఇంటర్ ఫలితాలొస్తే చాలు, స్ఫూర్తి ప్రసంగాలు మొదలవుతాయి. ఫెయిలైన పిల్లలను కూర్చోబెట్టి ఓటమిని గెలుపుగా మార్చుకోమని చెప్పేవాళ్లు మా నల్గొండ వైపు తప్పకుండా చింతకింది మల్లేశం పేరెత్తుతారు. ఎత్తాల్సిన పేరే. ఎత్తే తీరుకే ఒళ్లు మండుతోంది. ఆరో తరగతితో బడి మానేశాడు, మిషన్ కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. వాళ్ల కథ అక్కడితో సరి.

అసలు కథంతా ఆసు దగ్గరుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఆయన తల్లి లక్ష్మి పోచంపల్లి ఇక్కత్ చీరలకు ఆసు పోసేది. అర్ధచంద్రాకారంలో దిగేసిన పుల్లలకు పోగును ఒక్కొక్కటిగా తగిలిస్తూ, వెనక్కి తెస్తూ, మళ్లీ తగిలిస్తూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలైతే 18 వేలు. ఇది అయితేగానీ డిజైన్ కోసం పోగులకు చిటికి కట్టడం, రంగులద్దడం ఉండవు. చేసేది ఆడవాళ్లు. చీరకు వెల కట్టేటప్పుడు ఆ భుజం నొప్పి ఎవరికీ గుర్తుండదు. ఆ నొప్పి చూడలేక మల్లేశం 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999లో పూర్తయింది. మధ్యలో అప్పులు, ఊళ్లో ఎగతాళి, బతకడానికి హైదరాబాద్‌లో పని. అక్కడే బాలానగర్‌లో ఒక మిషన్ తిరిగే తీరు చూశాక చివరి చిక్కు వీడింది. గంటల తరబడి సాగే పని గంటన్నరకు దిగింది.

పేదవాడు ఒకసారి ఓడిపోయి మళ్లీ ప్రయత్నించాలంటే చేతిలో పైసలుండాలి. వేదికల మీద ఆ ఊసే రాదు. పాలమూరులో బోరు ఎండితే మరో బోరు, అదీ ఎండితే ఇంకోటి వేసి అప్పుల్లో మునిగిన రైతుకు పట్టుదల తక్కువైందా? ఆ పట్టుదలే అతన్ని ముంచింది.

ఇంకో మాట కూడా అనాలి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఏళ్లు గడిచాయి. 1985లో చేసిన చట్టం కింద చీరతో కలిపి 11 రకాలు చేనేతకే కేటాయించి ఉన్నాయి. అయినా ఆ డిజైన్‌ను పవర్‌లూమ్ గుడ్డ మీద అచ్చేసి పోచంపల్లి పేరుతో అమ్ముతూనే ఉన్నారు. నేసిన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చేసింది వెనక వెలవెలబోతుంది. కొనేవాళ్లకే తెలిసిపోయే ఈ తేడా చేనేత శాఖ అధికారులకు తెలియదా? ఆసు యంత్రం భుజాన్ని కాపాడింది, చీర ధరను కాపాడాల్సింది వీళ్లు. బతుకమ్మకు ముందు ఒక్క వారం దుకాణాలు తనిఖీ చేయమనండి.