సరిహద్దు దాటితే ఎస్టీ కాదు.. మిర్చి చేలో కూలీ మాత్రమే! గొత్తికోయల బాధ్యత ఎవరిది?

మిర్చి కోతలు మొదలయ్యాయంటే ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల రైతులు ఛత్తీస్‌గఢ్ వైపు చూస్తారు. కారేపల్లి, ఏన్కూరు, జూలూరుపాడు.. ఎటు చూసినా మిర్చి, పత్తి చేలే. కాయ పండాక ఆలస్యమైతే రైతుకు నష్టం. లోకల్‌గా కూలీలు సరిపోరు. దీంతో మేస్త్రికి ఫోన్ వెళ్తుంది. సుక్మా, బీజాపూర్ వైపు నుంచి కూలీలు బండ్లలో కిక్కిరిసి వస్తారు. చేను పక్కనే పరదాలతో గుడారం. కోత అయిపోగానే తిరుగు ప్రయాణం.

ఇది ఏటా జరిగేదే. అయితే వచ్చినవాళ్లందరూ వెనక్కి వెళ్లలేదు. అసలు సమస్య అక్కడే మొదలైంది.

2005లో ఏం జరిగింది?

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు జుడుం, మరోవైపు మావోయిస్టులు. మధ్యలో నలిగిపోయింది ఆదివాసీలే. ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది అడవి దారిన అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడ వాళ్లను గొత్తికోయలు అంటారు. ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా పెట్టి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కానీ అప్పటికే ఊళ్లు వదిలి ఏళ్లు గడిచిపోయాయి.

ఆ తర్వాత మ్యాప్ కూడా మారింది. 2014లో చింతూరు, కూనవరం లాంటి పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది. అంటే ఒకే ఊరి నుంచి వచ్చిన కుటుంబాలు ఇప్పుడు వేర్వేరు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

పట్టా ఎందుకు రాదు?

అటవీ హక్కుల చట్టం ప్రకారం కటాఫ్ తేదీ 2005 డిసెంబర్ 13. ఆ రోజు నాటికి పోడు సాగులో ఉన్నవాళ్లకే పట్టా. 2023లో తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాలు పంచినప్పుడు కూడా ఇదే రూల్. ఆ తర్వాత వచ్చిన గొత్తికోయలకు అవకాశమే లేదు.

ఇదే చట్టంలో 3(1)(ఎం) అనే సెక్షన్ ఉంది. ఆ తేదీకి ముందు అక్రమంగా నిర్వాసితులైన గిరిజనులకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలని అది చెబుతోంది. వినడానికి బాగానే ఉంది. కానీ లెక్క చూడండి. జుడుం మొదలైంది జూన్‌లో, కటాఫ్ డిసెంబర్‌లో. మధ్యలో ఉన్నది ఆరు నెలలే. హింస మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది. 2006లో, 2007లో పారిపోయి వచ్చినవాళ్లకు ఈ సెక్షన్ పనికిరాదు. ముందే వచ్చినవాళ్లయినా ఆధారం చూపించాలి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ల దగ్గర కాగితాలు ఎక్కడుంటాయి?

మరి ఎస్టీ హోదా?

ఎస్టీ జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. ఒక రాష్ట్రంలోని ఎస్టీ హోదాతో మరో రాష్ట్రంలో రిజర్వేషన్ అడగలేరని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. విశేషం ఏంటంటే, ఆ కేసు వేసింది ముంబైలో మెడికల్ సీటు కోసం పోరాడిన తెలుగు విద్యార్థే. అదే రూల్ ఇప్పుడు గొత్తికోయలకు అడ్డం పడుతోంది. అక్కడ గిరిజనులు, ఇక్కడ వలసదారులు.

అడవిలో ఘర్షణ

అడవిని కాపాడాల్సిన డ్యూటీ ఫారెస్ట్ సిబ్బందిది. బతకడానికి పోడు కొట్టక తప్పదనేది గొత్తికోయల వాదన. ఈ గొడవ ఎంతదాకా వెళ్లిందో 2022 నవంబర్ 22న రాష్ట్రమంతా చూసింది. చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును నరికి చంపారు. 2023లో ఇద్దరికి కొత్తగూడెం కోర్టు జీవిత ఖైదు వేసింది. అయితే కోర్టు తీర్పు కంటే చాలా ముందే బెండాలపాడు గ్రామపంచాయతీ గొత్తికోయలను పంపించేయాలని తీర్మానం చేసింది. నేరం చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే. కానీ మొత్తం గూడేన్ని వెళ్లిపొమ్మంటే వాళ్లు ఎక్కడికెళ్తారన్నది ఎవరూ చెప్పలేదు.

కూలీల సంగతేంటి?

2020 లాక్‌డౌన్ గుర్తుందా? ములుగు జిల్లా మిర్చి చేలలో పనికి వచ్చిన 12 ఏళ్ల బాలిక బీజాపూర్‌లోని ఇంటికి నడుచుకుంటూ బయల్దేరింది. మూడు రోజులు నడిచింది. ఇంకొన్ని కిలోమీటర్లలో ఇల్లు ఉందనగా ఏప్రిల్ 18న చనిపోయింది. ఆ వయసు పిల్ల చేలోకి కూలికి వచ్చిందని ఏ రిజిస్టర్ చెప్పింది?

చట్టం లేక కాదు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం ఐదుగురు కూలీలను తెచ్చినా కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాల్సి వచ్చేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో వలస కార్మికుల నిబంధనలు వర్తించాలంటే కనీసం పదిమంది ఉండాలి. సొంతంగా వచ్చిన కూలీలను కూడా లెక్కలోకి తీసుకోవడం అందులో మంచి మార్పు. కానీ మిర్చి కోతలో అంతా నోటిమాట మీదే నడుస్తుంది. ప్రమాదం జరిగితే మేస్త్రి ఫోన్ స్విచ్ఛాఫ్!

రేషన్ విషయంలో మాత్రం కొంత దారి దొరికింది. 2022లో ఛత్తీస్‌గఢ్ కూడా వన్ నేషన్ వన్ రేషన్ కార్డులో చేరింది. కార్డు ఉంటే ఇక్కడా బియ్యం తీసుకోవచ్చు. కార్డే లేనివాళ్ల పరిస్థితి మాత్రం మారలేదు.

ఇప్పుడేం చేయాలి?

మావోయిస్టుల ఏరివేతకు కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. దీంతో 'పరిస్థితి చక్కబడింది, ఇక వెళ్లండి' అనే మాట ఇక్కడ గట్టిగా వినిపించే అవకాశం ఉంది. కానీ ఇరవై ఏళ్లలో ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు బస్తర్‌లో ఇల్లు లేదు, ఇక్కడ పట్టా లేదు.

మూడు రాష్ట్రాలూ కలిసి కూర్చుని ఒకే లిస్ట్ తయారు చేయడం మొదటి పని. ఎవరు వెళ్తామంటున్నారు, ఎవరు ఉంటామంటున్నారు అని వాళ్లనే అడగాలి. వెళ్లేవాళ్లకు అక్కడ భూమి చూపించాలి. ఉండేవాళ్లకు ఇక్కడ కనీసం గుర్తింపు ఇవ్వాలి. సీజన్ కూలీల పేర్లు పంచాయతీలోనే రాసుకుంటే పిల్లలెందరు, మేస్త్రి ఎవరు అన్నది బయటపడుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.. ఒక రిజిస్టర్, ఒక పెన్ను చాలు.